అమ్మ చీరతో బొంత, బారసాలకి నాన్‌ఖటాయి: కత్తెర పెట్టడానికి చెయ్యి రావట్లేదు

తెనాలి పిన్ని:

అందరికీ నమస్కారం అండీ. కాస్త పెద్దదే రాస్తున్నాను, ఓపిక పట్టి చదవండి. నాలుగు సందేహాలున్నాయి, నాలుగూ ఒకే ఫంక్షన్ గురించి.

మా అక్క కూతురికి మగపిల్లాడు పుట్టాడు. ఇరవై ఒకటో రోజున బారసాల, ఇంకా పధ్నాలుగు రోజులుంది. మా ఇళ్ళల్లో ఎవరికి పురుడొచ్చినా బొంత కుట్టేది మా అమ్మే. నా పిల్లలిద్దరికీ, అక్క పిల్లలకీ, పక్కింటి వాళ్ళ మనవలకి కూడా కుట్టింది. అమ్మ పోయి పోయిన కార్తీకానికి ఏడాది అయింది. ఇప్పుడు పుట్టినవాడు ఆవిడకి మొదటి మునిమనవడు. ఈ బొంత బయట కొనడానికి నాకు మనసొప్పలేదు, నేనే కుడతానని అక్కకి చెప్పేశాను.

అమ్మ చీరలు నా దగ్గర నాలుగున్నాయి. రెండు వెంకటగిరివి, ఒకటి సన్న జరీ అంచున్న మంగళగిరిది, ఇంకొకటి ఆవపువ్వు రంగు నేత చీర, మెరూన్ అంచు. ఆ నాలుగోది ఆవిడ ఇంట్లో రోజూ కట్టుకున్నది, ఉతికీ ఉతికీ దూదిలా అయిపోయింది. బొంతకి అదే సరైనదని తెలుసు. కానీ మూడు సాయంత్రాలుగా దాన్ని మంచం మీద పరవడం, కత్తెర తీయడం, మళ్ళీ మడిచి బీరువాలో పెట్టేయడం. చెయ్యి రావట్లేదు. ఒకసారి కోశాక ఇంక అది అమ్మ చీర కాదు కదా అనిపిస్తోంది.

రెండోది, చెయ్యి అలవాటవుతుందని పాత దుప్పటి నాలుగు పొరలు వేసి మిషను మీద కుట్టి చూశాను. అమ్మదే కాలి మిషను. పైన కుట్టు బాగానే కనిపిస్తోంది, తిప్పి చూస్తే కింద అంతా దారం ఉచ్చులు ఉచ్చులుగా ఉంది. పైగా ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళేసరికి పై పొర రెండు అంగుళాలు జరిగిపోయి ముడతలు పడింది.

మూడోది, బారసాలకి వచ్చే అరవై ఇళ్ళ వాళ్ళకి స్టీలు గిన్నెలూ ప్లాస్టిక్ డబ్బాలూ వద్దు, నేనే చిన్న గుడ్డ సంచులు కుట్టి, ఒక్కోదాంట్లో నాలుగు నాన్‌ఖటాయిలు పెట్టి ఇద్దామనుకున్నాను. కొత్తగా 19 లీటర్ల ఓటీజీ, అదే చిన్న కరెంటు ఓవెన్, కొన్నాను. మొదటిసారి బిస్కెట్లన్నీ పరుచుకుపోయి ట్రే అంతా ఒకటే అట్టులా వచ్చింది. రెండోసారి అడుగు మాడింది, మధ్యలో పచ్చిగా ఉంది. అరవై నాలుగులు రెండు వందల నలభై, తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

నాలుగోది ఆవాల దిండు, పసివాడి తల గుండ్రంగా రావాలని ఆవాలు నింపి కుట్టేది. అక్క కుట్టమంటోంది, అక్క కూతురేమో వద్దంటోంది. మీరేమంటారు?

గోదావరి గట్టు:

అమ్మాయ్, ముందు ఆ కత్తెర లోపల పెట్టెయ్. బొంతకి చీర కొయ్యక్కర్లేదు. ఎవరు చెప్పారు కొయ్యాలని?

మా అత్తగారు నాకు నేర్పిన పద్ధతి చెప్తాను. ఆరు గజాల చీర, అంటే 216 అంగుళాలు. దాన్ని నాలుగు మడతలు వేస్తే మడతకి 54 అంగుళాలు. పన్నా ఎటూ 45, 46 ఉంటుంది. ఇంకేం కావాలి? నాలుగు పొరల బొంత, 54కి 46, వాడికి మూడేళ్ళొచ్చే దాకా సరిపోతుంది. చిన్నది చాలనుకుంటే ఆరు మడతలు వెయ్యి, గజం పొడవు వస్తుంది, కానీ ఆరు పొరలు కుట్టడానికి నీ వేళ్ళు నొప్పెడతాయి, నాలుగే మేలు. విసనకర్ర మడతలాగా ఇటూ అటూ మడవాలి, చుట్టకూడదు. పల్లూ పై పొర మీదకి వచ్చేలా చూసుకో. చీర ఎక్కడా తెగదు. రేపెప్పుడైనా కుట్లు విప్పితే మళ్ళీ చీరే. ఆ ధైర్యం ఉంటే చెయ్యి దానంతటదే వస్తుంది.

ఇంక కుట్టడం. ముందు చీరని గంజి లేకుండా ఉతికి ఆరెయ్. గంజి ఉంటే సూది దిగదు, పసివాడి ఒంటికి గరుకు కూడా. ఎక్కడైనా పిగిలిందేమో వెలుతురుకి పెట్టి చూడు, పిగిలినచోటు లోపలి మడతలోకి పోయేలా వేసుకో. తరవాత నేల మీద చాప వేసి, దాని మీద చీర మడతలు పరిచి, అరచేత్తో మధ్య నుంచి బయటికి తుడుస్తూ ముడతలన్నీ పోగొట్టు, నాలుగు మూలలా బరువైన చెంబులు పెట్టు. అప్పుడు పొడుగు పొడుగు టాకాలు, జానెడు జానెడు దూరంలో నిలువూ అడ్డమూ గళ్ళలాగా వెయ్యి. ఈ టాకాల దగ్గరే అందరూ బద్ధకిస్తారు. నువ్వు దుప్పటికి టాకాలు వెయ్యలేదు కదూ? అందుకే జరిగిపోయింది.

టాకాలయ్యాక అసలు కుట్టు, చేత్తోనే. మామూలు నూలు దారం రెండు పోగులు తీసుకో, అంచు నుంచి వేలెడు దూరంలో మొదటి వరస మొదలుపెట్టి చుట్టూ తిరిగి, దాని పక్కన ఇంకో వేలెడు వదిలి రెండో వరస, అలా తిరుగుతూ తిరుగుతూ మధ్యకి వస్తావు. దారం మరీ లాగకు, లాగితే బొంత ముడుచుకుపోతుంది. ముఖ్యమైన మాట, ముడి ఎప్పుడూ పైకి కనపడకూడదు, పొరల మధ్యకి లాగెయ్యాలి. పసివాడి వీపుకి ఆవగింజంత ముడి కూడా గుచ్చుకుంటుంది.

రోజుకి రెండు గంటలు కూర్చుంటే పది రోజుల్లో అయిపోతుంది. ఆవాల దిండు కుట్టు, మా పిల్లలందరికీ అదే, తలలు చక్కగా గుండ్రంగా ఉన్నాయి.

కాలి మిషను:

నేను ముప్పై ఏళ్ళుగా ఇంట్లో మిషను పెట్టుకుని బ్లౌజులు కుడుతున్నాను. గట్టు అమ్మగారు చెప్పిన చేతి కుట్టు బొంతకి తిరుగు లేదు, కానీ సంచులైతే మీరు మిషను మీదే కుట్టాలి, కాబట్టి ముందు ఆ ఉచ్చుల సంగతి చూద్దాం.

కుట్టు కింద ఉచ్చులు పడితే అందరూ బాబిన్‌ని, అంటే కింది దారం చుట్టే కండెని, అనుమానించి, బాబిన్ కేసు స్క్రూ తిప్పి దాన్ని కూడా పాడుచేసుకుంటారు. దాన్ని ముట్టుకోకండి. కింద ఉచ్చులంటే తప్పు నూటికి తొంభై పాళ్ళు పై దారంలో ఉంటుంది, పై దారం వదులుగా ఉందన్నమాట. గుడ్డని నొక్కిపట్టే ఫుట్ పైకెత్తి, దారం మొత్తం తీసేసి మళ్ళీ మొదటి నుంచి ఎక్కించండి. ఫుట్ కిందికి ఉన్నప్పుడు ఎక్కిస్తే, దారాన్ని బిగించే ఆ రెండు బిళ్ళలూ మూసుకుని ఉంటాయి, దారం వాటి మధ్యకి దిగకుండా పైపైన ఉండిపోతుంది. ఏడాది నుంచి వాడని మిషను కదా, ఆ బిళ్ళల మధ్య పాత దారం ముక్కలో దుమ్మో ఇరుక్కుని కూడా ఉండొచ్చు. పల్చటి గుడ్డ ముక్కని వాటి మధ్య నుంచి రెండు మూడు సార్లు లాగితే పోతుంది. షటిల్ దగ్గర కూడా పీచు తీసి, ఒక్కో చోట ఒక్కో చుక్క మిషను నూనె వేసి, ముందు పనికిరాని గుడ్డ మీద ఓ పది వరసలు కుట్టండి. లేకపోతే ఆ నూనె మరక మంచి గుడ్డకి అంటుతుంది.

సూది కొత్తది వేయండి. సంచులకి 14 నంబరు, నాలుగు పొరల దుప్పటి లాంటి వాటికి 16. కుట్టు పొడవు కొంచెం పెంచుకోండి. మిషను మీద పొరలు జరగడానికి కారణం ఏంటంటే, కింద పళ్ళు కింది పొరని లాక్కుని పోతుంటాయి, పైన ఫుట్ పై పొరని ఆపుతుంటుంది. ఫుట్ ఒత్తిడి స్క్రూ కాస్త వదులు చేసి, మధ్య వరస ముందు కుట్టి అక్కడి నుంచి రెండు పక్కలకీ వెళ్తే చాలావరకు తగ్గుతుంది. ఇందులో గట్టు అమ్మగారికీ నాకూ తేడా, ఆవిడ అంచు నుంచి లోపలికి రమ్మన్నారు. చేత్తో కుడితే, టాకాలు గట్టిగా ఉంటే అది కుదురుతుంది. మిషను మీద అలా చేస్తే మాత్రం ముడత అంతా మధ్యకి వచ్చి చేరుతుంది, నేను అనుభవించి చెప్తున్నాను.

సంచులకి కొత్త గుడ్డ కొనకండి. మీ ఇంట్లో తాంబూలాల్లో వచ్చిన జాకెట్టు ముక్కలు ఎన్నున్నాయో ఒకసారి లెక్కపెట్టండి. ప్రతి ఇంట్లో ఓ దొంతర ఉంటుంది, ఒకరిచ్చింది ఇంకొకరికి ఇవ్వడమే తప్ప ఎవరూ కుట్టించుకోరు. ముక్క పొడవు 80 సెంటీమీటర్లు, అంటే 31 అంగుళాలు. పన్నా 36 ఉంటే, తొమ్మిది అంగుళాల చొప్పున నాలుగు ముక్కలు, ఒక్కోటి 22 అంగుళాల పొడవు తీయండి. దాన్ని సగానికి మడిస్తే పదకొండు అంగుళాల లోతు సంచి. మిగిలిన తొమ్మిది అంగుళాల పట్టీ నుంచి నాడాలు వస్తాయి. ఒక్క ముక్కకి నాలుగు సంచులు, పదిహేను ముక్కలకి అరవై. పక్కలు కుట్టేటప్పుడు ముందు గుడ్డ మంచి వైపు బయటికి ఉంచి సన్నగా ఒక కుట్టు వేసి, తిరగేసి లోపలి నుంచి ఇంకో కుట్టు వేస్తే పోగులు ఊడవు, ఓవర్‌లాక్ అక్కర్లేదు. అన్నీ ఒకేసారి కోసి, అన్నిటికీ ఒకేసారి పక్కలు కుట్టి, తరవాత అన్నిటికీ నాడా గొట్టం కుట్టండి. ఒక్కో సంచి మొదలుపెట్టి పూర్తి చేస్తూ పోతే రోజంతా కూర్చున్నా ఇరవై దాటవు.

పాతబస్తీ పొయ్యి:

అక్కా, నాన్‌ఖటాయి సంగతి నేను చెప్తాను. మాది హైదరాబాద్, మా నాన్న బేకరీలో పనిచేసేవారు, ఇప్పుడు నేను ఇంట్లో పిల్లల కోసం, స్నేహితుల కోసం చేస్తుంటాను.

మీ బిస్కెట్లు పరుచుకుపోయాయంటే మీరు నెయ్యి కరిగించి పోసి ఉంటారు. నాన్‌ఖటాయికి పేరిన నెయ్యి కావాలి. గది వేడిలో మెత్తగా, వేలు పెడితే దిగేలా ఉండాలి, కానీ కారకూడదు. ఎండాకాలమైతే ఓ పావుగంట ఫ్రిజ్‌లో పెట్టి తీయండి. ఆ నెయ్యి, పంచదార పొడి కలిపి తెల్లగా నురగలా అయ్యేదాకా గిలక్కొట్టాలి, చేత్తో అయితే పది నిమిషాలు పడుతుంది. అందులో జల్లించిన పిండి కలిపి ముద్ద చేయడమే, చపాతీ పిండిలా పిసకొద్దు. పిసికితే గట్టిగా వస్తాయి, నోట్లో వేసుకుంటే కరగవు. ఉండలు చేసి ట్రేలో పెట్టాక ట్రేతో సహా అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. ఓవెన్ ముందుగా వేడెక్కాక చల్లటి ట్రే పెడితే, నెయ్యి కరిగేలోపే బిస్కెట్ రూపం నిలబడుతుంది. చల్లటి ఓవెన్‌లో పెట్టి అప్పుడు స్విచ్ వేస్తే మళ్ళీ అట్టే.

కొలత: మైదా 125 గ్రాములు, శనగపిండి 30, బొంబాయి రవ్వ 20, నెయ్యి 100, పంచదార పొడి 70, బేకింగ్ పౌడర్ అర టీస్పూను, యాలకుల పొడి, చిటికెడు ఉప్పు. ఉప్పు మర్చిపోవద్దు, అది లేకపోతే తీపి చప్పగా ఉంటుంది. 18 గ్రాముల ఉండలు చేస్తే పంతొమ్మిది దాకా వస్తాయి. మీకు 240 కావాలంటే దీనికి పదమూడు రెట్లు, అంటే మైదా కిలో ఆరు వందలు, నెయ్యి కిలో మూడు వందలు, పంచదార పొడి తొమ్మిది వందలు. పైన చిన్న పగుళ్ళు వస్తే కంగారు పడకండి, అవి ఉండాల్సినవే.

అడుగు మాడి మధ్య పచ్చిగా ఉందంటే ట్రే కింది మెట్టు మీద పెట్టారు, లేదా కింది రాడ్డు ఒక్కటే వెలుగుతోంది. మధ్య మెట్టు, రెండు రాడ్లూ, 170 డిగ్రీలు, 15 నుంచి 18 నిమిషాలు. చిన్న ఓటీజీల్లో మీట మీద 170 అని ఉన్నా లోపల వేరేగా ఉండొచ్చు, లోపల పెట్టుకునే థర్మామీటర్ దొరుకుతుంది, కొనుక్కోండి. బయటికి తీసినప్పుడు మెత్తగానే ఉంటాయి, ఇంకా కాలలేదని మళ్ళీ లోపల పెట్టకండి, మాడిపోతాయి. చల్లారాకే గట్టిపడతాయి.

ఇప్పుడు అసలు మాట. మీ ట్రేలో పన్నెండు పడతాయి. 240 అంటే ఇరవై ట్రేలు, ట్రేకి 18 నిమిషాలు వేసుకున్నా ఆరు గంటలు, ట్రే మార్చడం, మళ్ళీ వేడెక్కడం కలిపితే పొద్దుట్నుంచి రాత్రి దాకా. బారసాల ముందు రోజు అది పెట్టుకోకండి. మా పాతబస్తీలో పద్ధతి ఏంటంటే, ఇంట్లోవాళ్ళు మైదా, నెయ్యి, చక్కెర అన్నీ పట్టుకుని వీధి బేకరీకి వెళ్తారు, భట్టీలో కాల్చి ఇస్తారు, కిలోకి ఇంత అని కూలి తీసుకుంటారు. మొహర్రంలో దమ్ కే రోట్ కూడా చాలా ఇళ్ళవాళ్ళు అలాగే కాల్పించుకుంటారు. కట్టెల భట్టీ ఉన్నచోట పొద్దున బ్రెడ్డు తీసేశాక వేడి తగ్గుతూ ఉంటుంది, ఆ దిగే వేడి బిస్కెట్లకి సరిగ్గా సరిపోతుంది, అందుకే మధ్యాహ్నం పూట ఒప్పుకుంటారు. మీ ఊళ్ళో అడిగి చూడండి. పిండి మీ చేత్తో కలిపి, ఉండలు మీరే చేసి పట్టుకెళ్ళండి. అప్పుడది మీ బిస్కెట్టే, పొయ్యి ఒక్కటే వాళ్ళది.

డల్లాస్ నుంచి:

పిన్నిగారూ, ఆవాల దిండు గురించి నాకు తెలిసింది చెప్తాను. మా పాప పుట్టినప్పుడు మా అమ్మ ఇండియా నుంచి ఆవాల దిండు, బొంత రెండూ కుట్టి తెచ్చింది. ఇక్కడ హాస్పిటల్ నుంచి ఇంటికి పంపేటప్పుడే చెప్పారు, ఏడాది నిండేదాకా పడుకునే చోట దిండు, దుప్పటి, బొంత, మెత్తటి బొమ్మలు ఏవీ వదులుగా ఉండకూడదని. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్పేది కూడా అదే. పసిపిల్లలు ముఖం మీదికి గుడ్డ వస్తే తీసేసుకోలేరు, మెత్తటి దాంట్లో ముఖం ఇరుక్కుంటే పక్కకి తిప్పుకోలేరు, ఊపిరాడదు. ఆవాల దిండుకి ఇంకో భయం కూడా ఉంది, కుట్టు విడిపోతే గింజలు నోట్లోకీ ముక్కులోకీ పోతాయి. తల ఒక పక్క చదునవుతుందన్న భయానికి డాక్టర్ మాకు చెప్పింది, మెలకువగా ఉన్నప్పుడు మన కళ్ళ ముందు బోర్లా పడుకోబెట్టడం, పడుకోబెట్టేటప్పుడు తల ఒకసారి ఇటు ఒకసారి అటు తిప్పడం.

అమ్మకి మొదట చాలా బాధేసింది. అంత దూరం మోసుకొచ్చింది కదా. కానీ బొంత ఏమీ వృథా పోలేదు. నేల మీద పరిచి పాపకి నూనె రాయడం దాని మీదే, బోర్లా పడటం నేర్చుకున్నది దాని మీదే, ఇప్పుడు నాలుగేళ్ళు, ఆ బొంత లేకుండా నిద్రపోదు. మీరు తప్పకుండా కుట్టండి. మీ అక్క కూతురు వద్దన్నది దిండునే కదా, ఆ మాట వినండి.

గోదావరి గట్టు:

డల్లాస్ అమ్మాయి చెప్పింది చదివాను. మా రోజుల్లో పిల్ల పక్కన ఎప్పుడూ ఎవరో ఒకరం కూర్చుని ఉండేవాళ్ళం, అయినా డాక్టర్లు ఊరికే చెప్పరు. దిండు కుట్టమన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీ పిల్లల డాక్టర్ని కూడా ఒకసారి అడుగు. కాలి మిషను అమ్మాయీ, మధ్య నుంచి కుట్టడం గురించి నువ్వన్నది మిషనుకి నిజమే, నేను ఏనాడూ బొంత మిషను మీద కుట్టలేదు.

బళ్ళారి అత్త:

మా వైపు ఈ బొంతల్ని కౌది అంటారు. ఒకటే మాట చెప్పి పోతాను. ఉతికాక తీగ మీద వేలాడదీయకండి, నీళ్ళ బరువుకి కుట్లు సాగి ఒక పక్కకి గుంజుకుపోతుంది. మంచం మీదో, మేడ మీద చాప వేసో పరిచి ఆరబెట్టండి. వాడకముందు ఒకసారి ఉతికి ఎండలో బాగా ఎండనివ్వండి.

తెనాలి పిన్ని:

మీ అందరికీ ఎలా చెప్పాలో తెలియట్లేదు. గట్టు అమ్మగారూ, ఆరు గజాల లెక్క చదివి నిజంగా కళ్ళనీళ్ళొచ్చాయి. అమ్మ కుడుతుంటే పక్కనే కూర్చుని ఎన్నిసార్లు చూశానో, ఆవిడ చీర కోసిందో లేదో నాకు గుర్తే లేదు. నిన్న అమ్మ కుట్టిన పాత బొంత, మా పెద్దదానిది, అటక మీద నుంచి దింపి ఒక మూల విప్పి చూశాను. కొయ్యలేదు! మడతే. లోపల చీర కొంగు అలాగే ఉంది.

మిషను కూడా బాగుపడింది. ఆ బిళ్ళల మధ్య నీలం దారం ముక్క ఉంది, అమ్మ చివరిసారి కుట్టిన లంగాదే అయ్యుంటుంది. అది తీయగానే కుట్టు చక్కగా పడుతోంది. జాకెట్టు ముక్కలు మా బీరువాలోనే ఇరవై రెండు తేలాయి.

ఇంకో రెండు అడగాలి. మంగళగిరి చీర కూడా ఈ బొంతలో కలపొచ్చా? దాని జరీ గుచ్చుకుంటుందేమో. ఇంకోటి, బొంత చుట్టూ లేసు వేస్తే బాగుంటుందా?

నరసాపురం పక్క:

లేసు గురించి నేను చెప్పాలి, మా ఊరి చుట్టుపక్కల ఊళ్ళల్లో ఆడవాళ్ళ చేతిలో క్రోషే సూది ఎప్పుడూ ఉంటుంది. స్కాట్లాండ్ నుంచి వచ్చిన మిషనరీల దగ్గర నేర్చుకున్న పని, 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ పని అంటే నాకు ప్రాణం. అయినా పసిపిల్లాడి బొంతకి మాత్రం వద్దు. లేసు నిండా కన్నాలే, చిన్న వేళ్ళు అందులో దూరి దారం చుట్టుకుంటుంది, పిల్లాడు ఎందుకు ఏడుస్తున్నాడో మనకి వెంటనే తెలియదు. చేత్తో అల్లిన లేసు అంగుళం వెడల్పుది దొరికితే సంచుల నోటి దగ్గర వేయండి, అంత అందం ఇంకేదీ ఇవ్వదు. అరవైకీ అక్కర్లేదు, పెద్దవాళ్ళకి ఇచ్చే ఓ పదింటికి వేసినా చాలు.

కాలి మిషను:

మంగళగిరిది ఈ బొంతలో కలపకండి. జరీ లోపలి పొరలో వేసినా అంచు దగ్గర పొడుచుకొస్తుంది, ఉతికేకొద్దీ జరీ తెగి పోగులు బయటికి వస్తాయి. కొయ్యకుండా జరీ తీయలేరు, కొయ్యడం మీకిష్టం లేదు. దాన్ని అలాగే దాచి మీరే కట్టుకోండి. బొంతకి అంచు పట్టీ కావాలంటే మెత్తటి తెల్ల వాయిల్ గుడ్డ రెండంగుళాల పట్టీలు తీసి చుట్టూ మడిచి కుట్టండి, చీర అంచులు అరగకుండా ఉంటాయి. తరవాత పట్టీ చిరిగితే పట్టీ ఒక్కటే మార్చుకోవచ్చు.

పాతబస్తీ పొయ్యి:

ఒకటి మర్చిపోయాను. బిస్కెట్లు నేరుగా గుడ్డ సంచిలో వేయొద్దు, నెయ్యి మరక పట్టి సంచి పాడవుతుంది. నాలుగూ బటర్ పేపర్‌లో చుట్టి పెట్టండి. కాల్చాక పూర్తిగా చల్లారేదాకా, కనీసం గంట, చుట్టొద్దు, ఆవిరికి మెత్తబడిపోతాయి. మూడు నాలుగు రోజుల ముందే చేసేసి గాలి చొరని డబ్బాలో పెట్టుకోవచ్చు. పాలు పోసి కలిపితే మాత్రం అన్ని రోజులు ఆగవు, పిండి పొడిగా ఉంటే ఇంకో చెంచా నెయ్యే వేయండి.

తెనాలి పిన్ని:

ఎల్లుండి బారసాల. ఎంతవరకు వచ్చిందో చెప్పాలనిపించింది.

సంచులు అరవై రెండు అయ్యాయి, ఐదు రోజులు పట్టింది. నరసాపురం వారు చెప్పినట్టు పన్నెండింటికి లేసు వేశాను. బిస్కెట్లకి ముందు ఓటీజీలో ఒక ట్రే చేసి చూశాను, పేరిన నెయ్యి, ఫ్రిజ్, మధ్య మెట్టు, అన్నీ చెప్పినట్టే. ఒక్కటి కూడా పరుచుకోలేదు, మా ఆయన నాలుగు తిని ఇంకా అడిగారు. తరవాత బజార్లో బేకరీలో అడిగితే వాళ్ళు ముందు వింతగా చూశారు. వాళ్ళల్లో పెద్దాయన మాత్రం, ఇదివరకు క్రిస్మస్‌కి ఇలాగే తెచ్చేవాళ్ళమ్మా, ఈ మధ్య ఎవరూ తేవట్లేదు అని ఒప్పుకున్నాడు. ఇవాళ పొద్దున్నే నేనూ అక్కా పిండి కలిపి, తూకం వేసి ఉండలు చేసి, మధ్యాహ్నం మూడింటికి పట్టుకెళ్ళాం. మూడు పెద్ద ట్రేల్లో మొత్తం అయిపోయింది, ముప్పావుగంట పట్టలేదు. లెక్కపెడితే 246 ఉన్నాయి. ఆరింటిని ఆ పెద్దాయనకే ఇచ్చాం.

ఆవాల దిండు కుట్టలేదు. అక్క డాక్టర్ని అడిగింది, ఆయన కూడా వద్దన్నారు.

బొంత చేత్తోనే కుట్టాను, 54కి 46. రోజూ రాత్రి భోజనాలయ్యాక తొమ్మిది నుంచి పదకొండు దాకా. మొదటి నాలుగు వరసలు వంకరగా వచ్చాయి, విప్పేద్దామనుకుంటే అక్క వద్దంది, అలాగే ఉంచేశాను. ఆరో రోజు నుంచి అక్క కూడా వచ్చి ఎదురుగా కూర్చుంది, తను అటు నుంచి, నేను ఇటు నుంచి. కొంగు దగ్గర అమ్మ ఎప్పుడో రఫూ చేసుకున్న చోటు ఒకటుంది, ఎర్ర దారంతో, అది పై వైపుకే వచ్చింది, దాని మీద నుంచి కుట్టు పోనివ్వకుండా చుట్టూ తిప్పాం. తెల్ల వాయిల్ పట్టీ వేయడం ఇవాళ సాయంత్రంతో అయిపోయింది. టాకాలు ఇంకా తీయలేదు. రేపు పొద్దున్నే తీసి, ఒక ఉతుకు ఉతికి, బళ్ళారి అత్తగారు చెప్పినట్టు మేడ మీద చాప వేసి ఆరబెడతాం.